కొలెస్ట్రాల్ మాత్ర

విన్నిపెగ్‌లోని ఆ ఆసుపత్రిలో పెద్ద ఆపరేషన్ ఏది చేయించుకోవాలన్నా రోగి ముందు వాసంతితో మాట్లాడాలి. ఆమె డాక్టరు కాదు, నర్సూ కాదు, ఫార్మసిస్టు. ఫార్మసిస్టంటే కౌంటరు వెనక నిలబడి మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే మనిషని హనుమకొండలో ఉన్న ఆమె అక్కకి ఇప్పటికీ అభిప్రాయం. ఇక్కడ వాసంతి పని వేరు. కత్తి పడేలోగా ఆ మనిషి ఒంట్లో ఏ మందులున్నాయో తేల్చాలి. ఏది ఆపాలి, ఎన్నాళ్ళ ముందు ఆపాలి, ఏది ఆపితే ప్రాణం మీదికొస్తుంది, ఆపరేషనయ్యాక ఏది మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఇదంతా ఆమె రాసిన కాగితాన్ని బట్టే నడుస్తుంది. మత్తు డాక్టరు ఆ కాగితం చూశాకే సూది పట్టుకుంటాడు.

ఆ క్లినిక్‌లో ఒకప్పుడు ఇద్దరు ఫార్మసిస్టులుండేవారు. రెండో అతను కాల్గరీ వెళ్ళిపోయాక ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. ఒక్కో రోగికి అరగంట చొప్పున ఉండే ఫోన్ కాల్ పావుగంటకి దిగింది. కొన్నాళ్ళే సర్దుకోమంది క్లినిక్ చూసే హెడ్ నర్సు కొలీన్. ఆ మాట అని ఏడాదిన్నర దాటింది.

ఫిబ్రవరి చివరి వారంలో కోదండరామ్ ఫైలు వాసంతి స్క్రీన్ మీదికి వచ్చింది. డెబ్బై ఒక్కేళ్ళు, పాంక్రియాస్ గ్రంథిలో క్యాన్సర్ గడ్డ. కళ్ళు పచ్చబడి పరీక్ష చేయించుకుంటే బయటపడింది. ఇంకా పక్కలకి పాకలేదు. ఆ రకం గడ్డ కోయడానికి వీలున్న దశలో దొరకడమే అరుదు. పదిమందిలో ఎనిమిది మందికి ఆ అవకాశమే ఉండదు. ఏడు గంటల ఆపరేషన్, మార్చి రెండో సోమవారానికి ఖాయమైంది.

ఆమె ఇంగ్లీషులో పేరు చెప్పుకుని మొదలుపెట్టబోతే అవతలి నుంచి తెలుగు వినిపించింది.

"వాసంతి అంటే మనవాళ్ళేనా అమ్మా?"

"అవునండీ. మాది హనుమకొండ."

"మాది తెనాలి పక్కన. ఇక్కడికొచ్చి నలభై నాలుగేళ్ళు. నేను గోధుమల మనిషిని. ఈ ప్రెయిరీ మైదానాల్లో పండే గోధుమ ఏ రొట్టెకి పనికొస్తుందో, ఏది పశువులకి పోవాలో చెప్పే ల్యాబులో ముప్ఫై ఏళ్ళు చేశా. నువ్వు తినే చపాతీపిండి కూడా నా చేతిమీదుగా వెళ్ళిందే అయ్యుంటుంది."

వాసంతి నవ్వింది. రోజుకి ఇరవై మందితో మాట్లాడుతుంది, తెలుగు మాట ఏడాదికి ఒకటో రెండో. నాలుగు నిమిషాలు అలా వెళ్ళిపోయాయి. అవి వెళ్ళిపోయినందుకు ఆమెకి అప్పుడు ఏమీ అనిపించలేదు.

తర్వాత మందుల సంగతికి వచ్చారు. బీపీది, షుగరువి రెండు, థైరాయిడ్‌ది. వెనకనుంచి ఒక ఆడగొంతు అందించింది: "కొలెస్ట్రాల్ మాత్ర కూడా చెప్పండి."

"ఆఁ, అదొకటి, పొద్దున్నే. మా ఆవిడ సుధామయి, నా మందుల మంత్రి."

ప్రావిన్సులో ఎవరు ఏ మందు కొన్నా ఎక్కే రికార్డు వాసంతి ఎదురుగానే ఉంది. ఆరేళ్ళుగా ఒకే కొలెస్ట్రాల్ మందు, ఆఖరుసారి నవంబరులో మూణ్ణెల్లకి సరిపడా కొన్నట్టుంది.

"ముందునుంచీ వాడేదేనా అండీ?"

"అదేనమ్మా."

రోగి చేత డబ్బా చేతిలో పట్టించి పేరు చదివించడం వాసంతికి అలవాటు. ఎంత పెద్ద చదువు చదివినవాళ్ళనైనా అలాగే అడిగేది. ఆ రోజు అప్పటికే పదిహేడు నిమిషాలయ్యాయి. తర్వాతి కాల్ తాలూకు గుర్తు స్క్రీన్ మూలన ఎర్రగా వెలిగి ఆరుతోంది. చెప్పిందీ రికార్డులో ఉన్నదీ ఒకటేనన్న గడిలో టిక్ పెట్టి, ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు రక్తపరీక్షకి వచ్చినప్పుడు తనను కలవమని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆ గురువారం ఇద్దరూ వచ్చారు. కోదండరామ్ పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉన్నాడు. సుధామయి పొట్టి మనిషి. పెద్ద కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుని, వారం రోజుల గళ్ళున్న మందుల డబ్బా, దానితోపాటు ఒక గుడ్డసంచీ బల్లమీద పెట్టింది.

"ఏం లేదమ్మా, సోమవారం పొద్దున్న వీటిలో ఏవి వెయ్యాలో, ఏవి మానాలో చూపిస్తావేమోనని. నువ్వు చెప్తే నాకు ధైర్యం."

వాసంతి సోమవారం గడి తెరిచింది. తెల్లవి రెండు, గులాబీరంగుది ఒకటి, చిన్నది ఒకటి. వాటి మధ్య సగం పసుపు, సగం ముదురు ఎరుపు రంగులో ఒక క్యాప్సూల్. ఆ కొలెస్ట్రాల్ మందు ఈ దేశంలో క్యాప్సూల్‌గా రాదు.

"ఇదేంటి ఆంటీ?"

"అదే, కొలెస్ట్రాల్‌ది. డిసెంబరులో ఇండియా వెళ్ళాం కదా, అక్కడ ఈయనకి కాస్త ఛాతీ పట్టేసినట్టుందంటే మా తమ్ముడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పాత దానికంటే ఇది మంచిదని రాశాడు. ఆర్నెల్లకి సరిపడా తెచ్చుకున్నాం."

సంచీలోంచి తీసిచ్చిన అట్ట వెనక వెండిరంగు రేకు మీద చీమతలకాయంత అక్షరాలున్నాయి. వాసంతి దీపం కిందికి వంచి చదివింది. ఒకే క్యాప్సూల్‌లో మూడు మందులు. ఒకటి కొలెస్ట్రాల్‌దే. రెండోది ఆస్పిరిన్. మూడోది క్లోపిడోగ్రెల్. రక్తం గడ్డకట్టకుండా పట్టి ఉంచే మందు. ఒకసారి మింగితే ఆ ప్రభావం ఒంట్లోంచి పూర్తిగా దిగిపోవడానికి వారం పడుతుంది.

"ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారు అంకుల్?"

"ఇవాళ పొద్దున్నే."

ఆమె ముఖం చూసి సుధామయి కుర్చీలో ముందుకి జరిగింది. "ఏమన్నా తేడా చేశామా అమ్మా?"

"మీరేం చెయ్యలేదు ఆంటీ. ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి."

పక్కగదిలోకి వెళ్ళి వాసంతి సర్జన్‌కి ఫోన్ చేసింది. చెప్పకుండా ఊరుకోవచ్చన్న ఆలోచన ఆ నిమిషంలో ఆమెకి రానేలేదు. ఆ తర్వాత మాత్రం చాలాసార్లు వచ్చింది.

సర్జన్ అంతా విని, "ఈ మందుండగా వెన్నులో మత్తుగొట్టం ప్రమాదమే, అది పెట్టకుండా చెయ్యలేమా?" అని అడిగింది. వాసంతి మత్తు డాక్టరును కూడా లైన్లోకి తీసుకుంది. ఆయన ఒప్పుకోలేదు. కాలేయానికి వెళ్ళే పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని కోసే ఆపరేషన్, రక్తం కారడం మొదలైతే ఆపడం తన వల్ల కాదన్నాడు. సర్జన్ నిట్టూర్చి, ఒక్క వారం వాయిదా వేద్దామంది. "నువ్వు పట్టుకోకపోతే సోమవారం బల్లమీదే పోయేవాడు," అని కూడా అంది.

వాసంతి ఫోన్ పెట్టేసి, ఫిబ్రవరి నాటి కాగితం తెరిచి చూసింది. తన పేరు, తన టిక్. ఆ రోజు పేరు చదివించి ఉంటే క్యాప్సూల్ అప్పుడే ఆగిపోయేది. సోమవారానికి రక్తం ఎప్పటిలా అయ్యేది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు జరిగింది జరిగినట్టు పొరపాటు రిపోర్టు రాసి పంపింది. మొదట మందుల జాబితా తీసుకున్నది నేనే, అని అందులో స్పష్టంగా రాసింది. మొగుడూపెళ్ళాలకి మాత్రం, "ఈ మందు ఒంట్లోంచి పోవాలి, ఒక్క వారం ఆగాలి," అని మాత్రమే చెప్పింది.

"వారమే కదా," అన్నాడు కోదండరామ్. "గోధుమల లారీ అంతకంటే ఎక్కువే ఆలస్యమవుతుంది."

కానీ అది వారంతో పోలేదు. ఆ ఆపరేషన్ చేసే థియేటర్ వాళ్ళకి దొరికేది సోమవారాలు మాత్రమే. మూడో సోమవారం అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేశారు, నాలుగోది కూడా. మార్చి ఆఖరు సోమవారం దొరికింది. వాసంతి రోజూ మధ్యాహ్నం తిండి మానుకుని తేదీలు చూసే గుమాస్తా దగ్గరికి వెళ్ళి, ఎవరైనా తప్పుకున్నారేమోనని అడిగేది. ఎవరూ తప్పుకోలేదు. తప్పుకోగలిగే జబ్బులు కావవి.

మార్చి ఆఖరు సోమవారం కోదండరామ్ తెల్లవారకముందే వచ్చి, గౌను తొడుక్కుని, చేతికి సూది పెట్టించుకుని పదకొండింటిదాకా మంచం మీద పడుకున్నాడు. ఆ తర్వాత ఐసీయూలో మంచం ఖాళీ లేదని, వారాంతంలో హైవే మీద జరిగిన ప్రమాదం వల్ల అన్నీ నిండిపోయాయని చెప్పి ఇంటికి పంపేశారు. వాసంతి పరుగున కిందికి వచ్చేసరికి ఆయన బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. వంగి కట్టుకోవడానికి ఆయాసపడుతున్నాడు.

"ఇదిగో వాసంతీ, ఉపవాసం చేసిన పుణ్యమన్నా దక్కింది," అన్నాడు. సుధామయి నవ్వలేదు. నెల తిరక్కుండానే ఆయన ఎనిమిది కిలోలు తగ్గాడు. ప్యాంటు జారిపోకుండా ఆవిడ బెల్టుకి కొత్త బెజ్జాలు చేసింది.

ఏప్రిల్ రెండో సోమవారం మళ్ళీ పిలిచారు. ఈసారి మంచం ఉంది. ఏడున్నరకి లోపలికి తీసుకెళ్ళారు. వాసంతి ఆపరేషన్ తర్వాత ఇవ్వాల్సిన మందులన్నీ ముందురోజే వరసగా రాసి సిద్ధం చేసింది. నొప్పికి ఏది, షుగరుకి ఇన్సులిన్ ఎంత, అన్నం అరగడానికి ఎంజైములు ఏ రోజు నుంచి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా సూది ఏ గంటకి. మొత్తం పదకొండు రోజులకి లెక్కవేసిన ప్లాను. అంత జాగ్రత్తగా ఆమె ఎవరికీ రాయలేదు.

క్లినిక్ గదిలో ఆపరేషన్ల జాబితా చూపించే స్క్రీన్ ఒకటుంది. లోపల ఉన్నవాళ్ళ పేరు పసుపురంగులో, బయటికి వచ్చినవాళ్ళ పేరు ఆకుపచ్చలో కనిపిస్తుంది. కోదండరామ్ పేరు మధ్యాహ్నం మూడుదాకా పసుపులో ఉండాలి. తొమ్మిదీ పదికి వాసంతి ఒక రోగితో ఫోన్‌లో మాట్లాడుతూ తలెత్తి చూసేసరికి ఆ పేరు ఆకుపచ్చగా ఉంది.

ఆమెకి అర్థమైపోయింది. ఏడు గంటల ఆపరేషన్ గంటన్నరలో అయిపోయిందంటే దానికి ఒకటే అర్థం. తెరిచి చూశారు, లోపల పాకి ఉంది, మూసేశారు.

ఫోన్‌లో ఉన్నావిడకి చెప్పాల్సింది చెప్పి ముగించి, వాసంతి వెయిటింగ్ హాల్లోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. చెప్పే అధికారం ఆమెకి లేదు, అది సర్జనే చెప్పాలి. సుధామయి కిటికీ పక్కన కూర్చుని ఉంది. వాసంతిని చూడగానే లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అప్పుడే అయిపోయిందటమ్మా. ఇప్పుడే అక్కడ బోర్డు మీద రంగు మారింది. సాయంత్రమవుతుందన్నారు, ఎంత తొందరగా చేసేశారో చూడు. నువ్వు మందులన్నీ సరిగ్గా చూసిపెట్టబట్టే."

"కూర్చుందాం రండి ఆంటీ," అని మాత్రం అనగలిగింది వాసంతి. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. స్కార్‌బరోలో ఉన్న కూతురు వర్షిణికి ఆ శుభవార్త మెసేజ్ పెట్టడానికి సుధామయి కళ్ళజోడు వెతుక్కుంటోంది. పెట్టవద్దని చెప్పడానికి వాసంతికి ధైర్యం చాలలేదు. మెసేజ్ వెళ్ళిన రెండు నిమిషాలకి సర్జన్ హాల్లోకి వచ్చింది.

కాలేయం మీద మూడు మచ్చలున్నాయి. ఆవగింజలంతవి, స్కాన్‌లో కనపడనంత చిన్నవి. అవి ఉన్నాక గడ్డ తీసినా లాభం లేదు.

పదకొండు రోజుల ప్లానులోంచి నొప్పి మందు ఒక్కటి మిగిలింది. దాని మోతాదు చూడటానికి మర్నాడు వాసంతి వార్డుకి వెళ్ళింది. కోదండరామ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె గొంతు విని ఇటు తిరిగాడు.

"నువ్వు సైన్సు చదువుకున్నదానివి. ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. ఆ మొదటి సోమవారమే చేసి ఉంటే అవి అక్కడ ఉండేవా?"

"తెలీదు అంకుల్. అప్పటికే ఉండి ఉండొచ్చు. లేకపోనూ వచ్చు. ఎవరూ చెప్పలేరు."

"ఊఁ," అన్నాడాయన. "నా ల్యాబులో ఎవరైనా ఇలాంటి జవాబిస్తే వెనక్కి పంపేవాణ్ణి." తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

బయట వరండాలో సుధామయి, ఆ ఉదయమే విమానం దిగి వచ్చిన వర్షిణి ఉన్నారు. వర్షిణికి నలభై దగ్గర పడుతున్నాయి, లాయరు. తల్లి ఏడవడం లేదు. ఒకే మాట పట్టుకుని తిప్పి తిప్పి అంటోంది.

"ఆ డబ్బాలో వేసింది నేనే. రోజూ నా చేత్తో నేనే వేశాను. అట్ట వెనక ఒకసారి చదివితే నా సొమ్మేం పోయింది. కళ్ళజోడు పెట్టుకుంటే కనపడేది కదా. నేనే ఆపాను ఆయన ఆపరేషన్."

"అమ్మా, ప్లీజ్. స్టాప్ ఇట్," అంది వర్షిణి. వాసంతిని చూసి, "మీరేనా ఫార్మసిస్ట్? ఐ వాంట్ టు అండర్‌స్టాండ్. ఫిబ్రవరిలో లిస్ట్ ఎవరు తీసుకున్నారు?"

వాసంతి సుధామయి వైపు చూసింది. పెద్దావిడ నెలన్నరలో పదేళ్ళు పైబడినట్టుంది. ఈ భారం ఆమెది కాదని ఒక్కరైనా చెప్పాలి. చెప్పగలిగింది తనొక్కతే.

"నేనే తీసుకున్నా," అంది. "ఆంటీ, తప్పు మీది కాదు. ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఆ మందు పేరు మీ చేత చదివించాల్సింది నేను. అందరినీ అడుగుతా, ఆ రోజు అడగలేదు. తర్వాతి కాల్‌కి టైమైపోతోందని టిక్ పెట్టేశా. అప్పుడే పట్టుకుని ఉంటే ఆపరేషన్ అనుకున్న రోజుకే అయ్యేది. ఇదంతా ఆ గురువారమే రాసిచ్చాను ఇక్కడ. మీకు చెప్పలేదు."

వర్షిణి చేతులు కట్టుకుంది. "యూ న్యూ. మీకు తెలుసు," అంది, చాలా మెల్లగా. "ఇన్ని రోజులూ మా అమ్మ మీకు ఫోన్ చేసి థాంక్స్ చెప్తూ ఉంది."

సుధామయి ఏమంటుందోనని వాసంతి ఎదురుచూసింది. తిడుతుందనుకుంది, లేకపోతే కాస్త తేలికపడుతుందనుకుంది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"చదవాల్సింది నేనే కదండీ," అంది. "మీరు అడక్కపోయినా నేను చదవాల్సింది. మీరు చెప్పినంత మాత్రాన అది పోదు." మళ్ళీ అంది. "ఈ ఊళ్ళో మా మనిషంటూ ఒకరు ఉన్నారనుకున్నాను. మీరు ఈ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది. ఇక వెళ్ళండి, మీకు పనుంటుంది."

అంతవరకూ ఆవిడ వాసంతిని ఎన్నడూ మీరు అనలేదు.

వర్షిణి ఆసుపత్రికి ఫిర్యాదు రాసింది. కమిటీ కూర్చుంది. వాసంతిని పిలిచి నలభై నిమిషాలు మాట్లాడారు, అందరూ మర్యాదగానే. ఒక మనిషి తప్పు కాదు, పద్ధతిలో లోపమని తేల్చారు. ఫోన్ చేసేవాళ్ళు మందు పేరు రోగి చేత చదివించారో లేదో రాయడానికి ఫారంలో ఒక కొత్త గడి పెట్టారు. రెండో ఫార్మసిస్టు కావాలని వాసంతి మూడు పేజీలు రాసిచ్చింది. దాన్ని నివేదిక చివర జతచేశామని చెప్పారు. కాల్స్ పావుగంటే ఉండిపోయాయి. కొత్త గడి నింపడానికి అందులోంచే అరనిమిషం తీయాల్సి వచ్చింది.

కారణం లేకుండా రోగి ఫైలు తెరవడం నిషేధం కాబట్టి కోదండరామ్ ఎలా ఉన్నాడో వాసంతికి తెలిసే దారి లేకపోయింది. రెండుసార్లు ఇంటికి ఫోన్ చేసింది. ఒకసారి ఎవరూ తీయలేదు. ఒకసారి సుధామయి తీసి, "పడుకున్నారండీ," అని పెట్టేసింది. ఆగస్టులో గుడివాళ్ళు అందరికీ పంపే ఈమెయిల్‌లో కబురు వచ్చింది. శ్రీ కోదండరామ్ గారు స్వర్గస్థులయ్యారు, శనివారం పదకొండింటికి అంత్యక్రియలు. వాసంతి శనివారం తయారై, కారు తీసి, ఫ్యూనరల్ హోమ్ పార్కింగ్‌లోకి తిప్పింది. తెలిసిన ముఖాలు లోపలికి వెళ్తున్నాయి. తెల్లచీరలో సుధామయిని, ఆమె భుజం పట్టుకుని నడిపిస్తున్న వర్షిణిని చూసింది. తను లోపలికి వెళ్తే ఆ గంట కూడా వాళ్ళది కాకుండా పోతుందనిపించింది. ఇంజను ఆపకుండా కాసేపు కూర్చుని వెనక్కి వచ్చేసింది.

ఆ శీతాకాలం రాకముందే ఆమె క్లినిక్ వదిలేసింది. "నీకంటే జాగ్రత్తగా చూసేవాళ్ళని నేనెక్కడ తేను?" అంది కొలీన్. నిజంగానే తేలేకపోయింది. ఆ ఉద్యోగానికి ఎవరూ రాలేదు. మూడు నెలలు చూసి, వాడే మందుల వివరాలు రోగులే ఇంట్లో కూర్చుని నింపి పంపేలా ఒక ఆన్‌లైన్ ఫారం పెట్టారు. అన్ని గడులూ నింపితే అది ఆకుపచ్చ టిక్ చూపించి, మీ వివరాలు అందాయి అంటుంది. అందులో ఎవరు ఏం రాస్తున్నారో, రాసింది నిజమో కాదో చూసే మనిషి లేదు.

వాసంతి ఇప్పుడు ఆసుపత్రి నేలమాళిగలో, కిటికీల్లేని గదిలో, తలకి టోపీ, ముఖానికి మాస్కు, చేతికి రెండు జతల గ్లవుజులు వేసుకుని సెలైన్ సంచుల్లో మందులు కలుపుతుంది. ఆ పని ఆమెకి బాగా వచ్చు. అక్కడ ఎవరితోనూ మాట్లాడే అవసరం రాదు. ఒక్కో సంచీకి ఒక్కో పేరు అంటిస్తుంది. ఎప్పుడైనా ఒక తెలుగు పేరు తగులుతుంది. అంకెలు సరిచూసి, స్టికర్ అంటించి, పక్కనున్న ట్రేలో పెట్టి ఇంకో సంచీ అందుకుంటుంది.